బండి మళ్ళీ ఆగింది

కట్టంగూర్,
ఏప్రిల్, 2024.

బావకు స్వర్ణ వందనాలు.

ఇన్నాళ్లకు ఈమె ఉత్తరమేమిటని మీరు ఆశ్చర్యపోతారని తెలుసు. ఫోన్ చేస్తే ఎత్తరు. మోగి మోగి దానంతటదే ఆగిపోతుంది. కోపమొచ్చి ఇక చేయకూడదనుకున్నాను గానీ అవసరం నాది.

మీ తమ్ముడు పోయాక ఆయన ట్రాక్టరు నేనే నడుపుతున్నాను. ఊళ్లో కిరాయి దుక్కులు చేసి బతుకుతున్నాను. ఇప్పుడది మొరాయిస్తోంది. స్టార్టు చేయగానే బాగానే నడుస్తుంది. కల్టివేటర్ దించి నాలుగు సాళ్లు పోయేసరికి బలం తగ్గి, గుక్కలు మింగి ఆగిపోతుంది. కాసేపు గట్టు మీద కూర్చుని లేస్తే ఏమీ ఎరగనట్టు మళ్ళీ అందుకుంటుంది. మళ్ళీ ఆగుతుంది. ట్యాంకు నిండా డీజిల్ ఉంది, అది మాత్రం నేనే చూశాను.

ఇక్కడి మెకానిక్ పరమేష్ ఫిల్టర్లు మార్చాడు. లాభం లేదు. "పంపు ఖరాబైంది వదినా. గిది బాగుచేపిచ్చుడు దండుగ" అని చేతులు దులుపుకున్నాడు. మా తమ్ముడు విజేందర్‌కు ఆ మాట చాలు. "గా డొక్కును ఇంకెన్నాళ్లు మోస్తవక్కా? తొలకరి లోపల నడిస్తే నడిచె, లేకుంటే పాతినుప సామాన్లోళ్ల లారీని పిలుస్త" అంటున్నాడు. వాడు నా మంచికే అంటున్నాడు, అందుకే గట్టిగా తిట్టడానికి కూడా నోరు రావడం లేదు.

తొలకరికి బండి నడవకపోతే కిరాయిలన్నీ వేరేవాళ్లకు పోతాయి. నేను మళ్ళీ కూలికి పోవాలి. పోతాను, కూలి నాకు కొత్తేమీ కాదు. కానీ మన వాడలో మొదటి ట్రాక్టరు అది. దాన్ని గొలుసులు వేసి లారీ ఎక్కిస్తుంటే నేను చూడలేను బావా.

ఏం చేయాలో రాయండి.

స్వర్ణ


అచ్చంపేట,
ఏప్రిల్.

స్వర్ణకు,

ఉత్తరం అందింది. షెడ్డులో పని తెమలదు, చేతులన్నీ గ్రీజు, ఫోన్ ఎత్తడం కుదరదు. ఇక ముందు కూడా ఉత్తరమే రాయి.

పంపు పోయిందన్న మాట నమ్మకు. పోయిన పంపు నువ్వు గట్టు మీద కూర్చున్నంత మాత్రాన బాగుపడదు. ఇంజన్‌కు డీజిల్ అందడం లేదు, అంతే సంగతి. ట్యాంకు నుంచి ఇంజన్ దాకా ఉన్న దారిలో ఎక్కడో అడ్డం పడుతోంది, లేదా పైపులోకి గాలి దూరుతోంది. వరసగా చూసుకుంటూ పోవాలి. ముందు ట్యాంకు కింద డీజిల్ వదిలే కాక్ పూర్తిగా తెరుచుకుంటుందో లేదో చూడు. దాని కింద గాజు గిన్నె ఉంటుంది. అందులో నీళ్లో మట్టో చేరితే విప్పి కడుగు. మళ్ళీ బిగించేటప్పుడు వాషర్ మడత పడనీయకు.

ఇంకో మాట. ఆగే ముందు ఇంజన్ ఎలా చప్పుడు చేస్తుందో రాయి. ఫోన్‌లో రికార్డు చేసి పంపుతానని అనకు, నా ఫోన్‌లో అవేవీ రావు. ఒక్కసారిగా ఆగుతుందా, తగ్గుతూ తగ్గుతూ ఆగుతుందా, నడుమ ఎగిరిపడుతుందా, నువ్వు విన్నది విన్నట్టు రాయి. పొడుగైనా ఫరవాలేదు.

బాలస్వామి


కట్టంగూర్,
మే.

బావకు,

ఇంజన్ చప్పుడును కాగితం మీద రాయమన్న మెకానిక్‌ను నేను ఇంతవరకు చూడలేదు. మీ తమ్ముడు ఉంటే పడీపడీ నవ్వేవాడు. అయినా మీరు అడిగారు కాబట్టి రాస్తున్నాను.

మొదట మామూలుగా టకటకమంటుంది. మీరే దానికి ఆ వరస నేర్పారని ఆయన అనేవాడు. చేను నడిమికి వచ్చేసరికి ఆ టకటకలో ఒకటి తప్పిపోతుంది. చీకట్లో మెట్లు దిగేవాళ్లకు ఒక మెట్టు తగలనట్టు. నేను యాక్సిలరేటర్ లాగుతాను. ఒక్కసారి గట్టిగా లేచి, వెంటనే గొంతు సన్నబడుతుంది. తర్వాత టక్, టక్, చాలాసేపటికి ఇంకొక టక్. అంతే. ఒక్కసారిగా ఆగదు, తగ్గుతూ తగ్గుతూ ఆగుతుంది.

ఆ తర్వాత వచ్చే నిశ్శబ్దం ఉంది చూడండి, అదే నాకు పడదు. ఇంజన్ నడుస్తున్నంతసేపు పక్కన ఎవరో ఉన్నట్టుంటుంది. ఆగిందంటే చెలకలో నేనొక్కదాన్నే ఉన్నానని తెలుస్తుంది. ఇది బండి జబ్బు కాదనుకోండి, చప్పుడు రాయమన్నారు కాబట్టి రాశాను.

గాజు గిన్నె విప్పి కడిగాను. కొంచెం మట్టి ఉంది, నీళ్లు లేవు. కాక్ బాగానే తిరుగుతోంది. పొలానికి తీసుకుపోతే మళ్ళీ అదే తంతు.

ఒకసారి మీరే వచ్చి చూడకూడదా? బస్సులో ఒక పూట ప్రయాణం. మీకు ఇష్టమైన సజ్జ రొట్టె చేసి పెడతాను.

స్వర్ణ


అచ్చంపేట,
మే.

స్వర్ణకు,

చప్పుడు బాగా రాశావు. రెండుసార్లు చదివాను. మూడోసారి కూడా చదివాను, అబద్ధమెందుకు.

రావడం కుదరదు. పని చాలా ఉంది. ఆ మాట మళ్ళీ అడగకు.

తగ్గుతూ ఆగుతోందంటే నేననుకున్నదే. డీజిల్ నెమ్మదిగా కరువవుతోంది. ఇప్పుడు పైపులో గాలి ఉందేమో చూడాలి. ఫిల్టరు నెత్తి మీద ఒక చిన్న బోల్టు ఉంటుంది. దాన్ని కొంచెం వదులు చేసి, పక్కన చేతి పంపును పైకీ కిందికీ కొట్టు. బోల్టు దగ్గర నురగ వస్తే గాలి ఉన్నట్టు. నురగ పోయి ఒట్టి డీజిల్ వచ్చేదాకా కొట్టి బిగించు.

రెండు సంగతులు అడుగుతాను, సరిగ్గా జవాబు రాయి. ఒకటి, పరమేష్ వచ్చినప్పుడు అన్నిటికన్నా ముందు ఏం చేస్తాడు? రెండోది, ఈ జబ్బు ఎప్పుడు మొదలైంది? దానికి ముందు బండికి ఎవరైనా ఏమైనా చేశారా? కడగడం, రంగు వేయడం, ఏదైనా సరే. ఇంజన్ ఊరికే చెడదు.

బాలస్వామి


కట్టంగూర్,
మే చివర.

బావకు,

బోల్టు వదులు చేసి చేయి నొప్పి పుట్టేదాకా పంపు కొట్టాను. నురగ లేదు. మొదట డీజిల్ బాగానే వచ్చింది, తర్వాత ఎంత కొట్టినా సన్నగా వచ్చింది.

పరమేష్ వచ్చీ రాగానే ట్యాంకు మూత తీసి లోపలికి తొంగిచూస్తాడు. ఆడదాన్ని కదా, డీజిల్ పోయకుండా నడుపుతున్నానని వాడి అనుమానం. తర్వాత మూత పెట్టి స్టార్టు చేస్తాడు. వాడి ముందు మాత్రం బండి బుద్ధిగా నడుస్తుంది. "నడుపుడు నీకే చాతనైతలేదు వదినా" అని ఇకిలించి పోతాడు. వాడు వీధి మలుపు తిరిగిన కాసేపటికే నాకు ఆగిపోతుంది. నా మీద పగబట్టిందా అనిపిస్తోంది.

ఎప్పుడు మొదలైందో గుర్తు లేదు. ఎండలు ముదిరే ముందు. ఎవరూ ఏమీ చేయలేదు.

నిన్న వెంకన్న పత్తి చెలకలో ఆగింది. అతను కాసేపు నిలబడి చూశాడు. "నడుమల ఆగే బండితోని నాకు గాదమ్మా, అదును పోతాంది" అని అక్కడే, నా ముందే వేరే ట్రాక్టరుకు ఫోన్ చేశాడు. అది వచ్చి నా సాళ్ల పక్కనే దున్నుతుంటే నేను నా బండి మీద కూర్చుని చూశాను. బండి తీసుకుని పోవడానికి కూడా లేదు, స్టార్టు కావాలి కదా. విజేందర్ లారీ వాళ్లకు మాట ఇచ్చేశాడు. మొదటి వాన పడగానే వస్తారట.

మీకు పని ఉందని రాశారు. ఉండనీయండి. కానీ ఇది మీ తమ్ముడి బండి కాదా? ఊళ్లో ఎవరి బండి ఆగినా పరుగెత్తుకొచ్చేవారట ఒకప్పుడు. మాకు మాత్రం కాగితాలు పంపుతున్నారు. కోపంగా రాస్తున్నానని తెలుసు. కొట్టేయను, అలాగే పోస్టు చేస్తాను.

స్వర్ణ


అచ్చంపేట,
జూన్.

స్వర్ణకు,

కోపం తర్వాత. ఈ ఉత్తరం అందిన రోజే ఇది చెయ్యి.

పరమేష్ మూత తీసినప్పుడల్లా బండి నడుస్తోంది. జబ్బు మూతలో ఉంది. నూనె డబ్బాకు ఒకే చిల్లు పొడిచి వంపితే ఏమవుతుంది? కొంచెం కారి ఆగిపోతుంది. రెండో చిల్లు పొడిస్తేనే ధార కడుతుంది. ట్యాంకు కూడా అంతే. డీజిల్ కిందికి దిగాలంటే పైనుంచి గాలి లోపలికి పోవాలి. అందుకని మూతకు సన్నటి చిల్లు ఉంటుంది. అది మూసుకుంటే ట్యాంకు డీజిల్‌ను పట్టుకుని కూర్చుంటుంది, వదలదు. నువ్వు గట్టు మీద కూర్చున్నంతసేపట్లో ఎక్కడో సందులోంచి కొంచెం గాలి పోతుంది. మళ్ళీ స్టార్టవుతుంది.

బండిని చేనుకు తీసుకుపో. ఆగేదాకా దున్ను. ఆగగానే చెవి మూత దగ్గర పెట్టి నెమ్మదిగా విప్పు. ఏం వినబడిందో రాయి. తర్వాత ఆ చిల్లులో ఏముందో చూడు.

ఆ చిల్లు దానంతటది మూసుకోదు. ఎవరో ఏదో చేశారు. ఎప్పటినుంచి ఆగుతోందో నువ్వు రాయడం లేదు.

బాలస్వామి


కట్టంగూర్,
జూన్.

బావకు,

మీరు చెప్పినట్టే చేశాను. ఆగగానే చెవి ఆనించి మూత తిప్పాను. స్‌స్‌స్ అని లోపలికి గాలి పీల్చుకుంది. ఎంతోసేపు నీళ్లలో మునిగిన మనిషి పైకి లేచి ఒక్కసారి ఊపిరి పీల్చినట్టు.

మూత వెనక్కి తిప్పి చూశాను. చిల్లు నిండా మైనం. దుమ్ముతో కలిసి నల్లగా గట్టిపడి ఉంది.

ఆ మైనం నాదే బావా. ఇంకెవరిదో అయితే మొదటి ఉత్తరంలోనే రాసేదాన్ని.

ఈస్టర్ నాడు తెల్లవారకముందే మనవాళ్లంతా కొవ్వొత్తులు పట్టుకుని సమాధుల దగ్గరికి పోతారు కదా. ముందు రోజే సున్నం వేసి పూలు పెట్టి ఉంచుతారు. మీ తమ్ముడికి ఇక్కడ సమాధి లేదు. ఆ కరోనా రోజుల్లో పట్నంలో ఎక్కడ పెట్టారో మీకు తెలియదు, నాకు తెలియదు. పోయిన ఏళ్లలో అత్తమ్మ సమాధి మీదే ఆయన పేరున కూడా వెలిగించి వచ్చేదాన్ని. ఈసారి పుల్లమ్మత్త అందరిలో "నీ కొవ్వొత్తి యాడ వెడ్తవే స్వర్ణా?" అని అడిగింది. ఆమె మనసులో ఏ చెడూ లేదు, జాగా చూపిద్దామనే అడిగింది. కానీ నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు. వెలిగించకుండానే ఇంటికి వచ్చాను.

రేకుల కింద బండి ఉంది. ఆయన పొద్దున లేస్తే ముందు దాని నెత్తిన చేయి వేసేవాడు. నేను బానెట్ మీద చోటు చూశాను, అంతా వాలుగా ఉంది. ట్యాంకు మూత ఒక్కటే చదునుగా ఉంది. దాని మీద పెట్టి వెలిగించాను. కొవ్వొత్తి పూర్తిగా అయిపోయేదాకా దగ్గరే కూర్చున్నాను. డీజిల్ ట్యాంకు మీద దీపం పెట్టిన మనిషిని ఈ జిల్లాలో నన్నొక్కదాన్నే చూస్తారు. ఆ వారమే బండి ఆగడం మొదలైంది. నాకు గుర్తుంది. సిగ్గేసి రాయలేదు.

సూదితో తవ్వి, కిరోసిన్‌తో కడిగి, మూత పెట్టి స్టార్టు చేశాను. పొద్దుగూకేదాకా దున్నాను. ఆగలేదు.

తిట్టండి.

స్వర్ణ


అచ్చంపేట,
జూన్.

స్వర్ణకు,

తిట్టను. ముందు నవ్వాను. తర్వాత నాకే తెలియకుండా ఏడ్చాను.

ఇంకెప్పుడూ ట్యాంకు మీద దీపం పెట్టకు. పెట్టాలనిపిస్తే బండికి ఎడంగా నేల మీద పెట్టు. నా పేరున కూడా ఒకటి వెలిగించు. వాడికి సమాధి లేదన్న బాధ నీ ఒక్కదానిదే కాదు. ఆ మాట నీకు అప్పుడే చెప్పాల్సింది, నోరు రాలేదు.

నువ్వు నిజం రాశావు కాబట్టి నేనూ రాస్తాను. షెడ్డులో పని లేదు. అసలు షెడ్డే లేదు. రెండేళ్లుగా నాకు చెవులు వినబడవు. మొదట ఒకటి పోయింది, తర్వాత రెండోది. ఇన్నేళ్లు ఇంజన్ల మీద చెవి పెట్టి బతికినందుకు అవి అలా బదులు తీర్చుకున్నాయని దవాఖానలో చెప్పారు. మిషన్ ఇచ్చారు. పెట్టుకుంటే గుర్రుమని మోగుతుంది తప్ప మాట తెలియదు. నీ ఫోన్ మోగడం కూడా నాకు తెలియదు. జేబులో అదరడం తెలుస్తుంది, ఎత్తి ఏం చేయను?

చెవులు లేని మెకానిక్‌కు ఎవరు బండి ఇస్తారు? నేను చేయి పెట్టి అదురును బట్టి పట్టుకోగలను. ఎవరూ ఆగి చూడరు. పక్కింటి గోపమ్మ మేకల్ని అదిలించినట్టు నా ముఖంలో ముఖం పెట్టి అరుస్తుంది, "తిన్నవా బాలస్వామీ?" అని. ఆమె పెదాలు చూసి తిన్నానంటాను. రోజు మొత్తానికి నాతో మాట అదొక్కటే.

అందుకే రానన్నాను. నలుగురిలో కూర్చుని ఏమిటి, ఏమిటి అని అడుక్కోవడం నాకు చాతకాదు. నీ ఉత్తరం వచ్చాక చాలాకాలానికి ఒక ఇంజన్ నా చేతికొచ్చింది. నువ్వు రాసిన ఆ టక్ టక్ నాకు వినబడింది స్వర్ణా. నిజంగా వినబడింది.

ఇది ఎవరికీ చెప్పకు.

బాలస్వామి


కట్టంగూర్,
జులై.

బావకు,

ఎవరికీ చెప్పలేదు. మీ ఉత్తరం చదివాక చాలాసేపు ఏ పనీ చేయలేకపోయాను. కాగితాలు పంపుతున్నారని ఎత్తిపొడిచాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

వాన పడింది. లారీ కూడా వచ్చింది. వాళ్లు గొలుసులు దించుతుంటే నేను ఎదురుగా, మళ్ళీ నన్నే పిలిచిన వెంకన్న చెలకలో దున్నుతున్నాను. విజేందర్ గట్టు మీద నిలబడి ఆగుతుందేమోనని ఎదురుచూశాడు. వాడు కాలు మార్చుకుంటూ ఎంతసేపు నిలబడ్డాడో నాకు కనబడుతూనే ఉంది. ఆగలేదు. చివరికి వాడే పోయి లారీ వాళ్లకు చాయ తాగించి పంపేశాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి, "నడుస్తాంది గదక్కా" అన్నాడు, ఆ నడిపించింది తానే అన్నట్టు.

కిరాయిలన్నీ తిరిగొచ్చాయి. పొద్దున ఎక్కితే మళ్ళీ పొద్దుగూకాకే దిగుతున్నాను. పరమేష్‌కు మూత సంగతి చెప్పాను, కొవ్వొత్తి సంగతి చెప్పలేదు.

తీరిక దొరకగానే పెద్ద ఉత్తరం రాస్తాను.

స్వర్ణ


అచ్చంపేట,
సెప్టెంబరు.

స్వర్ణకు,

ఉత్తరం లేదు కాబట్టి బండి బాగుందని అర్థమైంది. సంతోషం. ట్యాంకు కింది గాజు గిన్నె అప్పుడప్పుడు కడుగుతుండు.

ఇక్కడ వానలు బాగా పడ్డాయి. పోస్టాయన రోజూ సైకిల్ మీద నా గుమ్మం ముందు నుంచే పోతాడు. నన్ను చూసి తల అడ్డంగా ఊపుతాడు. మంచివాడు.

జవాబు రాయకపోయినా ఫరవాలేదు. పని చూసుకో.

బాలస్వామి


కట్టంగూర్,
అక్టోబరు.

బావకు,

బండి మళ్ళీ ఆగింది.

ఈసారి జబ్బు వేరు. పొగ ఒకేసారి నల్లగానూ తెల్లగానూ వస్తుంది. పొద్దున స్టార్టు కాదు, సాయంత్రం అవుతుంది. ఆదివారం మాత్రం అస్సలు కాదు. మూత తీసినా ఆగుతుంది, పెట్టినా ఆగుతుంది. డీజిల్ నిండుగా ఉంటే నడవదు, సగం ఉంటే నడుస్తుంది. చప్పుడు ఎలా ఉందో రాయలేను, కొత్తగా ఉంది. పరమేష్‌కు చూపించలేదు. అతనికి అందే జబ్బు కాదు ఇది.

దుక్కులు అయిపోయాయి. ఊరంతా పత్తి ఏరడానికి పోయింది. పగలంతా వాడలో ఎవరూ ఉండరు. నేను రేకుల కింద బండి పక్కన కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను. పెద్ద ఉత్తరం రాస్తానన్నాను కదా. ఏమని రాయాలో తెలియక ఇన్నాళ్లు రాయలేదు. బండి గురించి తప్ప మీకు ఏం రాయాలో నాకు చాతకాదు.

ఏం చేయాలో చెప్పండి.

స్వర్ణ


అచ్చంపేట,
అక్టోబరు.

స్వర్ణకు,

ఈ పనిలో జుట్టు నెరిసింది నాకు. నువ్వు రాసిన లక్షణాలు ఒకే ఇంజన్‌కు రావు. ఆదివారం పాటించే ఇంజన్ అసలు ఎక్కడా లేదు. నీకు అబద్ధం చెప్పడం రాదు. మా తమ్ముడు డానియల్‌కూ వచ్చేది కాదు. ఇద్దరూ ఇద్దరే.

మనిషి మనిషికి ఉత్తరం రాయడానికి బండి చెడిపోనక్కర్లేదమ్మా. ఏమీ లేకపోయినా, ఏమీ లేదని రాయి. నేను అదీ రెండుసార్లు చదువుతాను.

అయినా నువ్వు జబ్బు చెప్పావు, నేను మెకానిక్‌ను. ఇది ఉత్తరాల మీద తేలేది కాదు, చేయి పెట్టి చూడాలి. వచ్చే సోమవారం పొద్దున బస్సెక్కుతున్నాను. గోపమ్మకు చెప్పాను, గట్టిగా ఏదో అరిచింది, మంచిదే అయి ఉంటుంది. నలుగురిలోకి రావడం నాకు ఇప్పటికీ భయంగానే ఉంది. నువ్వు పక్కనుంటే ఫరవాలేదనిపిస్తోంది.

హైవే మీద దిగుతాను. వెనక నుంచి పిలవకు, నాకు వినబడదు. ఎదురుగా వచ్చి నిలబడు.

బాలస్వామి